ముందు సంపు, తర్వాత ఇంకుడు గుంత

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వచ్చేది ఒక లీటరు నీరు. ఇంటి మీద కురిసే వానను లెక్క కట్టడానికి ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబా, అంటే దాదాపు 120 గజాల కప్పు, ఏడాదిలో 80 వేల లీటర్ల నీరు అందుకుంటుంది. అందులో కొంత ఆవిరైపోతుంది, కొంత సిమెంటు పీల్చుకుంటుంది, తొలి జల్లుల నీరు మురికితో పాటు వదిలేయవలసి వస్తుంది. ఐదింట ఒక వంతు అలా పోయిందనుకున్నా 64 వేల లీటర్లు మిగులుతాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో అమల్లో ఉన్న ప్రమాణం. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు. ఈ లెక్కన ఆ ఇంటికి నాలుగు నెలలకు కాస్త తక్కువగా, 118 రోజులు సరిపడే నీరు ఆ ఇంటి నెత్తినే పడుతోంది.

అంత నీరూ చాలా ఇళ్లలో వాన వెలిసేలోపే గొట్టం దిగి, గేటు దాటి, రోడ్డు పక్క కాలువలో కలిసిపోతుంది. అదే ఇంటి ముందు ఏప్రిల్, మే నెలల్లో 5 వేల లీటర్ల ట్యాంకరు ఆగుతుంది. 64 వేల లీటర్లంటే అలాంటి ట్యాంకర్లు దాదాపు 13. నల్లాల్లో వచ్చే నీటిది ఇంకా పెద్ద ప్రయాణం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు నగరం దాహం తీర్చాయి. జనం పెరిగాక మంజీర నుంచి, ఆ తర్వాత నాగార్జునసాగర్ వైపు కృష్ణ నుంచి, 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి నీరు తేవలసి వచ్చింది. కృష్ణా గోదావరుల నీరు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిచి, మోటార్లతో అంచెలంచెలుగా ఎత్తితే తప్ప నగరాన్ని చేరదు. ఆ ప్రతి లీటరు వెనకా కరెంటు ఖర్చు ఉంది. డాబా నీటికి ఆ ఖర్చు లేదు. అది పైనే పడుతుంది, తన బరువుతో తానే కిందికి దిగుతుంది. పర్యావరణానికి మేలు చేసే ఇంటి నిర్మాణంలో వాన నీటికి ముందు వరసలో చోటు దక్కడానికి కారణం ఇదే.

తెలుగు ఇల్లు వాన నీటిని వద్దనుకోవడం పాత అలవాటేమీ కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్లలో నాలుగు వైపుల పెంకుటి కప్పు లోపలికి వాలి, వాన నీరంతా నడిమి మండువాలోకే జారేది. చూరు కింద గంగాళాలు, బిందెలు పెట్టి పట్టిన నీటితో బట్టలు ఉతికేవారు. పప్పు మెత్తగా ఉడుకుతుందని వంటకూ వాడేవారు. పప్పు సంగతి నిజమే. వాన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పప్పు త్వరగా ఉడుకుతుంది, సబ్బుకు బాగా నురగ వస్తుంది. పెరట్లో బావి ఉన్న ఇంట్లో వాన ఎక్కడ పడినా చివరికి కొంత ఆ బావికే చేరేది. బోర్లు వచ్చి బావులు పూడిపోయాక, పెరళ్ల స్థానంలో కాంక్రీటు పరిచాక, ఇంటికీ వానకూ మధ్య మిగిలిన సంబంధం ఒక్క డౌన్‌పైపు మాత్రమే.

ఆ సంబంధాన్ని మళ్లీ కలపాలన్న ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో నీరు-మీరు కార్యక్రమంతో పెద్ద ఎత్తున మొదలైంది. ఇంకుడు గుంత అన్న మాట ఊరూరా వినబడింది ఆ రోజుల్లోనే. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీరు, నేల, చెట్ల సంరక్షణను ఒకే గొడుగు కిందికి తెచ్చి, ఇళ్ల ఆవరణల్లో వాన నీటి నిర్మాణాలకు చట్టపరమైన ఆధారం కల్పించింది. హరిత భవనాల విషయంలో కూడా హైదరాబాద్‌కు దేశంలో ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడి సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి 2003లో లీడ్ అనే హరిత భవన ప్రమాణం కింద ప్లాటినం గుర్తింపు దక్కింది. అమెరికా బయట ఆ స్థాయి అందుకున్న మొదటి భవనం అదే. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. అది కార్యాలయ భవనమే అయినా, ఇళ్లకు హరిత గుర్తింపు ఇచ్చే పద్ధతులు దేశంలో పెరగడానికి అక్కడి పని ఊతమిచ్చింది. నేడు ఇళ్లకు ఇచ్చే ఏ హరిత గుర్తింపులోనైనా వాన నీటి నిర్వహణకు మార్కులు ఉంటాయి.

చట్టం ఉంది, గుర్తింపు ఉంది, గుంతలూ ఉన్నాయి. అయితే మన దగ్గర వాన నీటి సంరక్షణ అంటే ఇంకుడు గుంత ఒక్కటే అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ప్లాను మంజూరు కావాలంటే గీతల్లో ఒక గుంత కనబడాలి, ఇల్లు పూర్తయ్యాక గేటు పక్కన ఒక గుంత ఉండాలి, పని అయిపోయింది. ఈ వరస సరైనది కాదు. డాబా మీద పడేది దాదాపు లవణాలు లేని తేట నీరు. దాన్ని ముందు ఇంట్లో వాడుకోవాలి, మిగిలినది నేలకు ఇవ్వాలి. బాగా ఆలోచించి కట్టిన ఇంట్లో సంపు ముందు వస్తుంది, ఇంకుడు గుంత తర్వాత వస్తుంది.

పని మొదలయ్యేది కప్పు దగ్గర. వాన నీటిని పట్టుకునే డాబాకు వాటం బాగుండాలి. మేస్త్రీ వాటం సరిగా తీయకపోతే నీరు మూలల్లో నిలిచి పాచి పడుతుంది, స్లాబుకూ చేటు. సిమెంటు డాబా, పెంకులు, రేకులు అన్నీ నీటి సేకరణకు పనికొస్తాయి. ఆస్‌బెస్టాస్ రేకుల మీద, సీసం కలిసిన రంగు వేసిన కప్పు మీద పడిన నీటిని మాత్రం తాగడానికి, వంటకు తీసుకోకూడదు. డాబా మీద పాత సామాన్లు, సిమెంటు బస్తాలు, పావురాలకు వేసిన గింజలు లేకుండా చూసుకోవడం ఖర్చు లేని పని. నీటి నాణ్యతలో సగం భాగం ఆ శుభ్రతతోనే తేలిపోతుంది. సోలార్ పలకలున్న డాబా అయితే పలకలు కడిగిన నీరు, వాటి మీద పడిన వాన రెండూ అదే వాటంలో కలుస్తాయి. పలకలకు రసాయనాలు వాడకుండా మామూలు నీటితో కడిగితే ఇబ్బంది లేదు.

డాబా నుంచి కిందికి దిగే గొట్టాల విషయంలో పిసినారితనం పనికిరాదు. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కురిసే వానకు 100 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి సుమారు 85 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది. అదే గంటకు 100 మిల్లీమీటర్ల వాన దంచికొడితే ఆ గొట్టం 40 చదరపు మీటర్లకే చాలుతుంది. హైదరాబాద్‌లో ఇటీవలి వానలు కొద్ది గంటల్లోనే కుమ్మరించి పోతున్నాయి కాబట్టి ఒక గొట్టం ఎక్కువ పెట్టుకోవడమే మేలు. గొట్టం నోటి దగ్గర జాలీ తప్పనిసరి. ఒక వేపాకు రెబ్బ, ఒక ప్లాస్టిక్ కవరు చాలు, డాబా మొత్తం చెరువు కావడానికి.

వేసవి అంతా డాబా మీద దుమ్ము, పక్షుల రెట్టలు, ఎండుటాకులు పేరుకుంటాయి. తొలకరి జల్లు వాటన్నింటినీ కడుగుతుంది. ఆ కడిగిన నీరు సంపులోకి రాకూడదు. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానను, అంటే 100 చదరపు మీటర్ల డాబాకు 100 నుంచి 200 లీటర్ల నీటిని, వేరే దారి పట్టించాలి. దీనికి అన్నింటికంటే తేలికైన ఏర్పాటు డౌన్‌పైపుకు కింద మూతతో ఒక పక్క గొట్టం బిగించడం. మొదటి జల్లు ఆ గొట్టంలో నిండుతుంది, నిండాక వచ్చే తేట నీరు పైనున్న మలుపులోంచి సంపు వైపు వెళ్తుంది. వాన వెలిశాక మూత విప్పి మురికి నీరు మొక్కలకు వదలాలి. మూత విప్పడం మరిచిపోతే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే. అందుకే సన్నని ధారగా దానంతటదే ఖాళీ అయ్యేలా మూతకు చిన్న రంధ్రం పెట్టుకుంటారు.

ఆ తర్వాత వడపోత. కింద గులకరాళ్లు, వాటి మీద సన్న కంకర, ఆపైన కడిగిన ముతక ఇసుక పరిచిన చిన్న తొట్టి చాలు. ఇసుకకూ కంకరకూ మధ్య నైలాన్ జాలీ పరిస్తే ఇసుక కిందికి జారదు. వాసన, రంగు పోవడానికి మధ్యలో బొగ్గు పొర కూడా వేసుకోవచ్చు. బజారులో డౌన్‌పైపుకే బిగించే వడపోత పరికరాలు దొరుకుతున్నాయి. స్థలం తక్కువ ఉన్న ఇళ్లకు అవి అనుకూలం. రెండింటిలో ఏది పెట్టినా అది విప్పి కడగడానికి వీలుగా, చేతికి అందే ఎత్తులో ఉండాలి. గోడలో పాతేసిన వడపోతను రెండో ఏడాది ఎవరూ శుభ్రం చేయరు.

ఇప్పుడు సంపు. కొత్త ఇంట్లో ఎలాగూ నల్లా నీటికి సంపు కడతారు. దాన్నే కొంచెం పెద్దదిగా తవ్వి మధ్యలో ఒక అడ్డుగోడ కడితే వాన నీటికి వేరే గది ఏర్పడుతుంది. కట్టేటప్పుడు దీని ఖర్చు కొద్దిపాటిది. ఇల్లు పూర్తయ్యాక ఇదే పని చేయాలంటే టైల్సు పగలగొట్టాలి, ఆవరణ తవ్వాలి. ఈ ఒక్క కారణం చాలు, వాన నీటి ఏర్పాటు ఇంటి నక్షా గీసే రోజునే తేలాలని చెప్పడానికి. వాన నీటి గది మూత బిగుతుగా ఉండాలి, లోపలికి వెలుతురు పోకూడదు. వెలుతురు తగలని నీటిలో పాచి పెరగదు. గాలి గొట్టానికి, పొంగు గొట్టానికి సన్నని జాలీ కట్టాలి. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది నిలువ ఉన్న తేట నీటిలోనే. తెరిచి ఉంచిన వాన నీటి తొట్టి ఇంటికి మేలు చేయడం అటుంచి జ్వరాలు తెస్తుంది.

సంపు ఎంత పెద్దది కావాలన్న ప్రశ్న దగ్గర చాలామంది వెనక్కి తగ్గుతారు. 64 వేల లీటర్లు పట్టే సంపు కట్టాలా అని భయపడతారు. అవసరం లేదు. 135 లీటర్ల ప్రమాణాన్ని విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. అందులో తాగడానికి 5 లీటర్లు, వంటకు 5, స్నానానికి 55, బట్టలు ఉతకడానికి 20, గిన్నెలు తోమడానికి 10, ఇల్లు తుడవడానికి 10, మరుగుదొడ్డి ఫ్లష్‌కు 30. ఫ్లష్, బట్టలు, ఇల్లు తుడవడం కలిపితే 60 లీటర్లు. ఈ మూడింటికీ తాగునీటి ప్రమాణం అక్కర్లేదు, వడపోసిన డాబా నీరు నిశ్చింతగా వాడవచ్చు. నలుగురికి రోజుకు 240 లీటర్లు. జూన్ నుంచి అక్టోబరు దాకా 150 రోజుల వానాకాలంలో ఈ అవసరాలకు పట్టేది 36 వేల లీటర్లు. వానలు వెనక్కి మళ్లే వేళకు 10 వేల లీటర్ల సంపు నిండుగా ఉంటే మరో 40 రోజులు గడుస్తాయి. మొత్తం 46 వేల లీటర్లు, అటూ ఇటుగా. అంటే డాబా ఇచ్చే నీటిలో మూడింట రెండొంతులకు పైగా ఇంట్లోనే ఖర్చవుతుంది. సంపు ఎంత పెద్దదన్న దానికంటే ఎన్నిసార్లు ఖాళీ అయి నిండిందన్నది ముఖ్యం. అక్టోబరు దాకా ముట్టకుండా దాచిపెట్టిన పెద్ద సంపు కంటే, రోజూ వాడుతూ ఉన్న చిన్న సంపు ఎక్కువ వాన నీటిని పట్టుకుంటుంది.

ఇది జరగాలంటే ఇంట్లో రెండు వరసల గొట్టాలు ఉండాలి. ఒక వరస వంటింటికి, స్నానానికి. రెండో వరస ఫ్లష్ ట్యాంకులకు, వాషింగ్ మెషీన్‌కు, బయటి కుళాయిలకు. డాబా మీద రెండు చిన్న ట్యాంకులు. గొట్టాలకు వేరే రంగు వేస్తే తర్వాత వచ్చే ప్లంబరు పొరపాటున రెండింటినీ కలపడు. రెండు వరసలున్న ఇంట్లో వేసవిలో రెండో వరసకు శుద్ధి చేసిన స్నానపు నీటిని ఇవ్వవచ్చు. అలా ఒక్క ఏర్పాటు ఏడాది పొడవునా పనికొస్తుంది. కుళాయిలకు ధార తగ్గించే మూతలు, రెండు మీటల ఫ్లష్‌లు కూడా తోడైతే రోజుకు కావలసిన నీరే తగ్గుతుంది, సంపు అంత ఎక్కువ కాలం వస్తుంది.

వాన నీరు తాగవచ్చా అన్న సందేహం సహజం. ఆకాశం నుంచి దిగేటప్పుడు అది దాదాపు లవణాలు లేని నీరు. కప్పును తాకిన తర్వాతే మురికి చేరుతుంది. పక్షుల రెట్టల ద్వారా సూక్ష్మజీవులు కలుస్తాయి. కాబట్టి వడపోసినంత మాత్రాన తాగకూడదు, మరిగించాలి లేదా క్లోరిన్ కలపాలి. నీటిని పరీక్ష చేయించుకోవడం ఇంకా మంచిది. ఈ జాగ్రత్తలతో వాన నీరు తాగడం కొన్ని ప్రాంతాలకు పెద్ద వరం. నల్గొండ జిల్లాలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో బోరు నీటిలోని ఫ్లోరైడ్ తరాల పాటు మనుషుల ఎముకలను, పళ్లను పాడుచేసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకకపోతే 1.5 మిల్లీగ్రాములు మించరాదని జాతీయ ప్రమాణం. అది రాళ్లలోంచి నీటిలో కరిగే పదార్థం. కప్పు మీద పడే వానలో దాని బెడద లేదు. నదుల నీరు గొట్టాల్లో అందే ఊళ్లలో కూడా, సరఫరా ఆగిన రోజున మళ్లీ బోరు నీళ్లు తాగే అవసరం రాకుండా చూసేది ఇంటి కప్పు నీరే.

సంపు నిండాక పొంగే నీరు ఇంకుడు గుంతకు పోవాలి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి రోజున 100 చదరపు మీటర్ల డాబా మీద 24 వేల లీటర్లు పడతాయి. ఏ సంపూ దాన్నంతా పట్టలేదు. 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు కాలనీలను ముంచిన నీటిలో వేల డాబాల నీరు కూడా ఉంది. కప్పు నీరు ఎక్కడిదక్కడ నేలలోకి దిగితే రోడ్ల మీది వరద ఆ మేరకు తగ్గుతుంది.

గుంత విషయంలో ఒక లెక్క తరచుగా తప్పుతుంది. మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత ఖాళీగా ఉంటే 4,500 లీటర్లు పడుతుంది. దానిలో రాళ్లు, కంకర నింపాక నీటికి మిగిలే సందులు 40 శాతం దాటవు. అంటే పట్టేది 1,800 లీటర్లే. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 100 చదరపు మీటర్ల డాబా నుంచి, ఐదింట ఒక వంతు పోయిందనుకున్నా, దిగేది 4 వేల లీటర్లు. గుంత నిండి పొంగక తప్పదు. అందుకే గుంత అంచుల్లో సిమెంటు రింగులు దించి లోపల ఖాళీ ఉంచే పద్ధతి, లేదా ఒకటికి బదులు రెండు గుంతలు తవ్వే పద్ధతి మేలు. అడుగు భాగానికి, పక్కలకు సిమెంటు పూయకూడదు. పూస్తే అది ఇంకుడు గుంత కాదు, తొట్టి అవుతుంది. గుంతకు ఎంత లోతు కావాలో చెప్పేది నేల. మొరం తగిలేదాకా తవ్వితే నీరు చకచకా దిగుతుంది.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. పైన మట్టి, దాని కింద కుళ్లిన మెత్తటి రాతి పొర, ఆ కింద గట్టి రాయి. నీరు నిలిచేది ఆ మెత్తటి పొరలో, గట్టి రాతి పగుళ్లలో. లోతుకు పోయే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి. నగరం పడమర వైపు వెయ్యి అడుగుల దాకా బోర్లు వేస్తున్నారు గాని, లోతు పెరిగితే నీరు పెరుగుతుందన్న హామీ ఈ రాతిలో లేదు. పై పొరను వాన నీటితో నింపితేనే బోరుకు ఊపిరి. ఒక ఇంటి గుంతలో దిగిన నీరు ఆ ఇంటి బోరు కిందే ఉండిపోదు, పగుళ్ల వెంట పక్కింటికీ పోతుంది. అందువల్ల వీధంతా కలిసి చేస్తేనే ఫలితం కనబడుతుంది. పక్కింటికి పోతుందని మానుకుంటే అందరి బోర్లూ ఎండుతాయి.

ఎండిన బోరునే నీరు దింపడానికి వాడుకోవచ్చు. బోరు చుట్టూ గుంత తవ్వి, ఆ లోతులో కేసింగ్ గొట్టానికి సన్నని రంధ్రాలు చేసి, నైలాన్ జాలీ చుట్టి, గుంతను రాళ్లు, కంకర, ఇసుక పొరలతో నింపుతారు. నీరు ఆ పొరల్లో వడపోసుకుని బోరులోకి దిగుతుంది. డాబా గొట్టాన్ని తిన్నగా బోరులోకి దింపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఒండ్రు పగుళ్లను మూసేస్తుంది, మురికి చేరితే ఆ చుట్టుపక్కల భూగర్భ జలమంతా పాడవుతుంది. ఇదే కారణంతో కార్లు నిలిపే చోటి నీటిని, రోడ్డు నీటిని బోరుకు మళ్లించరాదు. సెప్టిక్ ట్యాంకుకు గుంత దూరంగా ఉండాలి, పునాదికి ఆనుకుని ఉండకూడదు.

అన్ని చోట్లా గుంత తవ్వాలన్న నియమం కూడా సరి కాదు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, నీటిని త్వరగా దింపదు. అక్కడ కింది పొరలు తగిలేదాకా తవ్వనిదే లాభం లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కొద్ది అడుగులు తవ్వితే నీరే తగులుతుంది, చాలా చోట్ల అది ఉప్పు నీరు. భీమవరం, కైకలూరు వైపు ఇళ్లకు గుంత కంటే పెద్ద సంపే ఉపయోగం. విశాఖ తీరంలో పరిస్థితి వేరు. బోర్లతో తోడే కొద్దీ సముద్రపు నీరు లోపలికి చొరబడుతుంది కాబట్టి నేలలోకి దించిన ప్రతి లీటరు మంచి నీరు దాన్ని వెనక్కి నెడుతుంది. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడి 100 చదరపు మీటర్ల డాబా కూడా 44 వేల లీటర్లు ఇస్తుంది. వాన తక్కువ పడే చోట సంపు అవసరం ఇంకా ఎక్కువ.

అపార్ట్‌మెంట్లకు లెక్క మారుతుంది. 500 చదరపు మీటర్ల కప్పు, 20 ఫ్లాట్లు, 80 మంది ఉన్న భవనం ఏడాదిలో 3 లక్షల 20 వేల లీటర్ల డాబా నీరు పట్టగలదు. అంతమందికి రోజుకు కావలసింది 10,800 లీటర్లు. అంటే నెల రోజుల నీరు. వాన నీటితోనే అపార్ట్‌మెంటు గడుస్తుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు. కాని 3 లక్షల 20 వేల లీటర్లంటే 64 ట్యాంకర్లు. ఒక్కో ట్యాంకరుకు చెల్లించే డబ్బుతో హెచ్చిస్తే ఏర్పాటు ఖర్చు కొద్ది వేసవుల్లోనే తిరిగి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో అసలు నష్టం నేల మీద జరుగుతోంది. ప్రహరీ దాకా సిమెంటు పరిచి, పార్కింగు పలకలు వేసి, చినుకు నేలను తాకే వీలు లేకుండా చేస్తున్నారు. చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో సందులున్న పలకలు వేసి మధ్యలో గడ్డి పెంచితే బండ్లూ తిరుగుతాయి, నీరూ దిగుతుంది.

చట్టం గట్టిగా అమలైతే ఏం జరుగుతుందో చెన్నై చూపించింది. తమిళనాడు ప్రభుత్వం 2003లో ఆర్డినెన్సు తెచ్చి, పాత భవనాలతో సహా అన్నింటికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. గడువులోగా చేయకపోతే నీటి కనెక్షన్ తీసేయవచ్చని హెచ్చరించింది. తర్వాతి ఏళ్లలో నగరంలో భూగర్భ జలాలు పైకి లేచాయి, బావుల్లో ఉప్పదనం తగ్గింది. అదే చెన్నైలో 2018 వానలు మొహం చాటేశాక 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయాయి. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వెళ్లే కృష్ణా నీరు ఉన్నా సరిపోక, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తేవలసి వచ్చింది. ఒకసారి కట్టించి వదిలేసిన ఏర్పాట్లు ఎన్నో అప్పటికి పూడిపోయి ఉన్నాయి. దీనికి భిన్నమైన ఉదాహరణ అట్లాంటిక్‌లోని బెర్ముడా. ఆ దీవుల్లో నదులు లేవు. అక్కడ ప్రతి ఇల్లూ తన కప్పు నీటిని కింది తొట్టిలోకి పట్టుకోవాలన్నది చట్టం. సున్నపు రాతి పలకల మెట్ల కప్పు, దాని మీద తెల్లటి పూత, ఇంటి కింద తొట్టి. ఆ నీరే తాగుతారు కాబట్టి కప్పును, తొట్టిని శుభ్రంగా ఉంచడం అక్కడ ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. ఇంట్లో వాడుకునే నీటిని మనుషులు కాపాడుకుంటారు. గేటు బయట మట్టిలోకి పోయే నీటిని మరిచిపోతారు. సంపుకు మొదటి చోటు ఇవ్వాలనడానికి ఇది కూడా ఒక కారణం.

ఏ ఏర్పాటైనా ఏటా చేతిపని కోరుతుంది. ఇసుక పై పొరలో ఒండ్రు పేరుకుంటే నీరు దిగడం ఆగిపోతుంది. రెండు మూడు అంగుళాల ఇసుక తీసి కడిగి మళ్లీ పరచాలి. కొన్నేళ్లకొకసారి గుంతలోని కంకర మొత్తం బయటికి తీసి కడగాలి. జాలీలు, సంపు మూతలు, పొంగు గొట్టాలు చూసుకోవాలి. ఒక మనిషికి ఒకటి రెండు రోజుల కూలి పని ఇది. అపార్ట్‌మెంటు సంఘాలు లిఫ్టుకు, జనరేటరుకు ఏటా డబ్బు కేటాయించినట్టే దీనికీ ఒక పద్దు రాసుకోవాలి. ఇల్లు కట్టబోయేవారు నక్షా దశలోనే వాన నీటి గది, రెండో వరస గొట్టాలు అడిగి పెట్టించుకోవాలి. ఇప్పటికే గుంత ఉన్నవారు రోహిణి కార్తె ఎండలుండగానే దాని మూత తీసి చూడాలి. జూన్ రెండో వారం నాటికి, మృగశిర కార్తెలో తొలకరి పడే వేళకు, ఇసుక కడిగి, జాలీలు బిగించి, సంపు తుడిచి సిద్ధంగా ఉంచాలి.